విక్టోరియా గారి ఫ్లాటు, ఎదురింటి కాఫీ

రిటైరైన రోజున విక్టోరియా గారికి శాలువా కప్పి, మైకులో సేవామూర్తి అన్నారు. ఆవిడ మైకు అందుకుని, "సేవేంటండీ, ఉద్యోగం చేశాను. ముప్పై నాలుగేళ్ళు నెలనెలా జీతం పుచ్చుకున్నాను. పని బాగా చేసిందని చెప్పండి, చాలు" అని కూర్చున్నారు. వెనక వరసలో ఆయాలు చప్పట్లు కొట్టారు.

అది 2007 జూన్. ఆరోగ్య శాఖ కాగితాల్లో ఆవిడ హోదా మూడుసార్లు మారింది గాని, కొల్లేటి లంకల్లో మొదటి నుంచి చివరి దాకా పిలుపు ఒక్కటే, నర్సమ్మ. భుజాన వ్యాక్సిన్ డబ్బా, అందులో ఐసు కరిగేలోపు ఊరు చేరాలి. రోడ్డున్న చోట బస్సు, లేని చోట గట్టు, గట్టు కూడా తెగిన చోట తాటి దోనె. దోనెలోంచి దిగి మోకాలి లోతు బురదలో నడిచి వెళ్ళి, చంటిపిల్లలకి సూదులు వేసి, మళ్ళీ అదే బురదలో వెనక్కి. చేపల చెరువులు పుట్టకముందూ, చెరువులు లేచినప్పుడూ, ప్రభుత్వం వాటి గట్లు పగలగొట్టినప్పుడూ ఆవిడ అక్కడే తిరిగారు. ఆ నడకంతా చివరికి మోకాళ్ళలో తేలింది.

ఫ్లాటు మాత్రం ఏలూరు పవర్‌పేటలో. 1999లో లోను పెట్టి సొంత జీతంతో కొన్నారు. భర్త సీమోను ఆర్టీసీ డ్రైవరు. రిజిస్ట్రేషను నాడు ఆయన సాక్షి సంతకం చేసి, "నీ ఇంట్లో నాకో మంచం వేస్తావా?" అని అడిగాడట. దెందులూరు పొలాల్లో ఊడ్పులకీ కోతలకీ వెళ్ళిన అమ్మానాన్నల కూతురావిడ. వాళ్ళ వైపు ఏ మనిషి పేరు మీదైనా పుట్టిన మొదటి దస్తావేజు అది. తలుపు మీద తన పేరుతో ఇత్తడి పలక పెట్టించి, ప్రతి శనివారం చింతపండుతో తోమేవారు. 2003లో సీమోను పోయాక కూడా ఆ పని మానలేదు.

ఆ ఫ్లాటుది మూడో అంతస్తు. లిఫ్టుకని బిల్డరు గొయ్యి వదిలాడు, లిఫ్టు పెట్టలేదు. అప్పట్నుంచీ ఆ గోతిలో అందరూ విరిగిన కుర్చీలు వేస్తున్నారు. మెట్లు యాభై నాలుగు. రిటైరయ్యే నాటికే ఆవిడ వాటిని పక్కకి తిరిగి, ఒక్కో మెట్టుకి రెండు కాళ్ళూ పెట్టి దిగేవారు. ఎముకల డాక్టరు, "నేల మీద ఎంతైనా నడవండి, మంచిదే. మెట్లు మాత్రం ఎక్కొద్దు" అన్నాడు. కూరగాయలకి తాడు కట్టి బుట్ట కిందికి వదలడం మొదలైంది. ఆ ఏడు క్రిస్మస్ నాటికి ఆవిడ కిందికి దిగేది ఆదివారం చర్చికి మాత్రమే. కొల్లేరు చుట్టూ తిరిగిన మనిషి వారానికి ఒక్కసారి నేల మీద కాలు పెడుతున్నారు.

కూతురు షారోన్ తాడేపల్లిగూడెంలో నర్సు. "వచ్చెయ్యమ్మా మా ఇంటికి" అని ప్రతి వారం ఫోను చేసేది. "మీ ఇంట్లో చెప్పులు ఎక్కడ విడవాలో కూడా నిన్నే అడగాలి" అనేవారు ఈవిడ. కావలసింది నేల మీద ఇల్లు, తన ఇల్లు, తలుపు తీస్తే రోడ్డు.

అది గుండుగొలనులో దొరికింది. రెండు గదుల డాబా, ముందు అరుగు, బస్సు స్టాపుకి నాలుగు అడుగులు. ఇంటాయన రాజరత్నం మేష్టారు, ఊరు మారుతున్నారు. ఆయన సూటి మనిషి. "మీకే ఇస్తాను నర్సమ్మా. కానీ ఈస్టరు దాకానే ఆగుతాను. ఆ తర్వాత అడిగినవాళ్ళకి మాట ఇచ్చేస్తాను" అన్నారు. ఈస్టరు ఆ ఏడాది తొందరగా, మార్చి ఇరవై మూడున వచ్చింది. జనవరిలో ఆవిడ ఫ్లాటు అమ్మకానికి పెట్టారు. ధర పదకొండు లక్షలు. అప్పటి ఏలూరులో అది న్యాయమైన ధరే.

ఇప్పుడు ఎదురింటి భీమశంకరం గారి దగ్గరికి రావాలి.

పాత బజారులో ఆయనకి హోల్‌సేలు కిరాణా కొట్టు ఉంది. తెల్లటి పంచె, చెవులకి పోగులు. తొమ్మిదేళ్ళుగా ఎదురుబొదురు తలుపులు. ఫ్లాటు అమ్ముతున్నారని తెలిసిన రోజే వచ్చి, "బయటివాళ్ళు దేనికమ్మా? మనలో మనకి బేరాలేంటి? ఏడు ఇచ్చేస్తాను" అన్నారు.

"ఏడుకి ఏం చేసుకుంటారండీ దీన్ని?"

"నూనె డబ్బాలు పెట్టుకుంటానమ్మా. కొట్టుకి చోటు చాలట్లేదు."

"నా పడగ్గదిలో నూనె డబ్బాలా అన్నయ్యగారూ?" అని నవ్వి, కుదరదని చెప్పారు. ఆయన కూడా నవ్వారు. కోపం లేదు, మాట పట్టింపు లేదు. ఆ రోజు నుంచి ఆయన మర్యాద పెరిగింది.

మా వైపు మర్యాద గురించి మురిసిపోతూ రాసేవాళ్ళు చాలామంది. ఏవండీ, కూర్చోండి, కాస్త ఎంగిలిపడి వెళ్ళండి అంటే చాలు, మనుషులంతా వెన్నముద్దలని నమ్మేస్తారు. మర్యాద కూడా కత్తిపీట లాంటిదే. దానితో వంకాయ తరగొచ్చు, ఎదుటివాడి వేలూ తెగొచ్చు. భీమశంకరం గారికి దాన్ని వాడడం బాగా వచ్చు.

ఫ్లాటు చూసి దిగబోయేవాళ్ళ చెప్పుల చప్పుడు వినపడగానే ఆయన తలుపు తెరుచుకునేది. "ఫ్లాటు చూడ్డానికొచ్చారా? రండి రండి. చూసి వచ్చారు కదా, ఇంత ఎండలో కాఫీ అయినా తాగకుండా వెళ్తారా?" హాల్లో కూర్చోబెట్టి, భార్య ఇందిర గారు ఇత్తడి గ్లాసులు తెచ్చాక, మొదలు పెట్టేవారు. "చాలా మంచి ఫ్లాటండీ. నర్సమ్మగారంటే బంగారం. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు. ఆ పడమటి గోడ చెమ్మ ఒక్కటే. అదెంతండీ, వానాకాలం నాలుగు నెలలే కదా. తమ్మిలేరు పొంగినప్పుడు కింద బళ్ళు మునుగుతాయనుకోండి, పైనున్న మనకేంటి? బోరు నీళ్ళు ఉప్పనే, తాగం కదా. ఇంకో గ్లాసు పోయించమంటారా?"

చెప్పినవన్నీ నిజాలు. అదే ఆయన గొప్ప.

బ్యాంకు గుమాస్తా ఒకాయన ఆ కాఫీ తాగి, ఇంట్లో మాట్లాడి చెప్తామని దిగిపోయాడు. తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్టు నుంచి వచ్చిన వర్తకుడు రెండు గ్లాసులు తాగి దిగిపోయాడు. దెందులూరు నుంచి టీచర్ల జంట, అడ్వాన్సు కూడా వెంట తెచ్చుకుని, ఆ కాఫీ తాగి, తెచ్చిన డబ్బు తెచ్చినట్టే పట్టుకెళ్ళారు. ఫిబ్రవరి అయిపోయింది. బ్రోకరు పాండురంగారావు ఆ టీచరమ్మకి ఫోను చేసి ఆరా తీస్తే ఆవిడ అందిట, "ఎదురింటాయన దేవుడండీ. ఆయన చెప్పబట్టి బతికిపోయాం."

విక్టోరియా గారు ఆ మధ్యాహ్నమే ఎదురింటికి వెళ్ళారు, దెబ్బలాడదామనే.

"అన్నయ్యగారూ, నా ఫ్లాటు చూడ్డానికొచ్చినవాళ్ళకి ఏం చెప్తున్నారు మీరు?"

"ఏం చెప్తానమ్మా? నర్సమ్మగారు బంగారం అని చెప్తున్నాను. కాదని ఎవర్నైనా అనమనండి!"

"చెమ్మ సంగతో?"

"మాట మీద మాట వచ్చింది, చెప్పాను. పోనీ అబద్ధం ఆడమంటారా? మీరు ప్రార్థన చేసుకునే మనుషులు, మీకు నేను చెప్పేదేముంది?"

ఈలోగా ఇందిర గారు వచ్చి, "ఇప్పుడే చేశాను వదినా, కాదనకండి" అని పళ్ళెం నిండా కజ్జికాయలు చేతిలో పెట్టారు. దెబ్బలాడడానికి వెళ్ళిన మనిషి కజ్జికాయలతో ఇంటికొచ్చారు. "నా ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో నన్ను అంత సున్నితంగా వెనక్కి పంపినవాడు లేడు" అనేవారు ఆ సంగతి చెప్పినప్పుడల్లా.

ఎదురింటి పళ్ళెం ఖాళీగా తిరిగివ్వడం మా దగ్గర ఆనవాయితీ కాదు. మర్నాడు ఆవిడ రవ్వలడ్డూలు చేశారు. మనసు అక్కడ లేదేమో, పాకం ముదిరిపోయింది. లడ్డూలు గచ్చు మీద పడితే మోగేలా వచ్చాయి. మళ్ళీ చేసే ఓపిక లేక అవే పళ్ళెంలో పెట్టి, పైన మూత పెట్టి పట్టుకెళ్ళారు.

"పాకం ముదిరిందండీ, రాళ్ళలా ఉన్నాయి. పళ్ళెం ఖాళీగా ఇవ్వకూడదని తెచ్చాను, తినొద్దు" అన్నారు. ఉన్న మాటే అన్నారు.

"అబ్బబ్బ! అదేం మాటమ్మా!" అన్నారు భీమశంకరం గారు. "మీ చేతి లడ్డూ అంటే మాటలా? అమృతం కదూ!"

పళ్ళెం మీద మూత ఇంకా తీయలేదు.

విక్టోరియా గారు ఆయన మొహంలోకి చూశారు. వెటకారం లేదు. తుమ్ము ఎలా వస్తుందో ఆ మాటలు అలా వచ్చాయి. ఎవరైనా తమ వస్తువును తక్కువ చేసి మాట్లాడితే, ఆయన ప్రాణం ఊరుకోదు. ఎత్తి మాట్లాడాల్సిందే. పొగిడితే మెల్లిగా ఒక చెమ్మ తగిలిస్తారు, తెగిడితే పరిగెత్తుకొచ్చి పొగుడుతారు. ఇన్నాళ్ళూ ఈవిడ తన ఫ్లాటును పొగుడుతూ వచ్చారు. తప్పు అక్కడుంది.

ఇంటికొచ్చి పాండురంగారావుకి ఫోను చేశారు. "ఈసారి ఎవర్ని తెచ్చినా ముందు ఎదురింటికే తీసుకెళ్తాను. చెమ్మ గోడకి అడ్డం పెట్టమన్నారే బీరువా, అది కూడా తీసేస్తాను."

"చంపారు! మీ నోటితో మీరే లోపాలు చెప్తారా? ఎక్కడైనా ఉందాండీ?"

"లంకల్లో ఉందండీ" అన్నారావిడ. సూది వేయకముందే చంటిపిల్ల తల్లికి చెప్పేసేవారు, పిల్లకి జ్వరం వస్తుంది, తొడ వాస్తుంది, రాత్రంతా ఏడుస్తుంది, ఇష్టం లేకపోతే మానెయ్యండి అని. అప్పుడు అత్తగారే ముందుకొచ్చి, "ఆ మాత్రం జ్వరానికేం లెండి, వేసెయ్యండి" అనేది. ఏం కాదు ఏం కాదు అని సూది పొడిచి వెళ్ళినవాళ్ళకి పై నెలలో ఆ ఇంటి తలుపు తెరుచుకునేది కాదు. ఇదంతా విని పాండురంగారావు, "ఇది సూది కాదండీ, పదకొండు లక్షలు" అని ఏడుపు గొంతు పెట్టాడు.

మార్చి రెండో ఆదివారం గంగాధరరావు గారు వచ్చారు. ఆకివీడులో చేపల వ్యాపారం. తెల్లారితే లారీలకి సరుకు ఎక్కించే మనిషి, మాట్లాడడం తక్కువ. కూతురు సాహితి ఏలూరులో ఇంజనీరింగు చదువుతోంది. హాస్టలు పడక, తల్లీకూతుళ్ళని ఇక్కడ ఉంచుదామని ఫ్లాటు వెతుకుతున్నారు. ఈస్టరు ఇంకా రెండు వారాలు. మరొకరిని వెతకడానికి సమయం లేదు.

విక్టోరియా గారు తన తలుపు తీయకుండానే ఆయన్ని ఎదురింట్లోకి తీసుకెళ్ళారు. "అన్నయ్యగారూ, వీరు కూతురి చదువు కోసం ఫ్లాటు చూస్తున్నారు. నా కాఫీ ఏం బాగుంటుంది, మీ ఇంట్లో తాగుదామని తీసుకొచ్చాను."

తనంత తానే వచ్చిన అవకాశానికి భీమశంకరం గారి మొహం వెలిగింది. కుర్చీలు జరిపారు. గ్లాసులొచ్చాయి. ఆయన గొంతు సవరించుకుని, "చాలా మంచి ఫ్లా..." అనబోయేంతలో విక్టోరియా గారు అందుకున్నారు.

"ఏం ఫ్లాటు లెండి. ఏదో తలదాచుకోడానికి కొన్నాను. పడమటి గోడంతా చెమ్మ."

భీమశంకరం గారు గ్లాసు దించారు. "అబ్బే, అదేంటమ్మా! చెమ్మంటే మరీ అంత చెమ్మా? నాలుగు వానలు గట్టిగా పడితే ఓ మూల కాస్త నెమ్ము. మా గోడకి లేదూ?"

"మూడంతస్తులు. లిఫ్టు లేదు."

"మెట్లు ఎక్కడం ఒంటికి మంచిదండీ! నాకు సుగరు తగ్గిందే ఈ మెట్లతో. చదువుకునే పిల్లంటున్నారు, ఆ అమ్మాయికి ఇదొక లెక్కా?"

"తమ్మిలేరు పొంగితే కింద బళ్ళు మునుగుతాయి."

"ఎప్పుడో ఒక్కసారి వచ్చిందండీ! ఒక్క మెట్టు దాటి పైకి రాలేదు."

"బోరు నీళ్ళు ఉప్పన."

"మున్సిపాలిటీ పంపు ఉందిగా! తియ్యగా ఉంటాయి."

వంటింటి గుమ్మం దగ్గర ఇందిర గారు ఒకసారి దగ్గారు. ఆయనకి వినపడలేదు. మంచి ఊపు మీద ఉన్నారు.

విక్టోరియా గారు కాఫీ గ్లాసులోకి చూస్తూ, దిగులుగా అన్నారు. "ఎవరు కొంటారండీ ఇలాంటిదాన్ని. ఏడు లక్షలు వస్తే అదే గొప్ప."

"ఏడా!" భీమశంకరం గారు కుర్చీలో ముందుకొచ్చారు. "ఏడేంటమ్మా, మీకేమన్నా మతి పోయిందా! పవర్‌పేటలో, స్టేషనుకి ఇంత దగ్గర్లో, తూర్పు గుమ్మం ఫ్లాటు ఏడుకి ఎవడిస్తాడు? పదకొండుకి పైసా తగ్గక్కర్లేదు!"

అన్నాక ఆగారు. ఏడు అన్నది ఎవరో గుర్తొచ్చినట్టుంది. ఇందిర గారు మరోసారి దగ్గలేదు, లోపలికెళ్ళి గిన్నె ఒకటి గట్టిగా పెట్టారు.

గంగాధరరావు గారు కాఫీ పూర్తిచేసి, గ్లాసు బల్ల మీద పెట్టి, "ఆ చెమ్మ గోడ చూపించండమ్మా" అన్నారు.

ఇత్తడి పలక ఉన్న తలుపు అప్పుడు తెరిచారావిడ. పడగ్గదిలో బీరువా పక్కకి జరిపి ఉంది. గోడ మీద మనిషంత ఎత్తున, ఆకు ఆకారంలో పసుపు మరక. ఆయన వేళ్ళతో తట్టారు, గోరుతో గీశారు, వాసన చూశారు. బాత్రూములో పంపు తిప్పి నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేశారు. వరండాలోంచి కిందికి తొంగి చూశారు.

"ఇంకేమన్నా ఉన్నాయా?"

"వంటింటి కిటికీ గొళ్ళెం పడదు. పైఅంతస్తు వాళ్ళు పొద్దున్నే రోట్లో దంచుతారు. నాకు గుర్తున్నవి ఇవే. రాసిమ్మంటే రాసి సంతకం పెడతాను."

ఆయన మొదటిసారి నవ్వారు. "చేప బాగుందని చెప్పినవాడి దగ్గర నేను మొప్ప ఎత్తి చూస్తానమ్మా. మీరే ఎత్తి చూపించేస్తే ఇంక నేను చూసేదేముంది? గోడకి మందు పూయించుకోవాలి, ఓ పాతిక వేలు తగ్గించుకోండి."

"తగ్గిస్తాను. ఈస్టరు లోపల రిజిస్ట్రేషను అయిపోవాలి."

"సరేనండి" అన్నారాయన. వాకిట్లో పాండురంగారావు జేబురుమాలుతో మొహం తుడుచుకుంటున్నాడు.

గుడ్ ఫ్రైడేకి రెండు రోజుల ముందు రెండు దస్తావేజులూ పూర్తయ్యాయి, పొద్దున ఏలూరులో అమ్మకం, మధ్యాహ్నం గుండుగొలను ఇంటి కొనుగోలు. రెండో దాని మీద సాక్షి సంతకం షారోన్ చేసింది. ఇంత దూరం వచ్చాక కూడా ఆ అమ్మాయి, "మా ఇంటికి వచ్చేస్తే సరిపోయేది కదమ్మా" అందిట. "సంతకం సరిగ్గా పెట్టు" అన్నారట తల్లి.

సామాను దిగిన రోజు భీమశంకరం గారు మెట్ల దగ్గర నిలబడి, "మీరు వెళ్ళిపోతే ఈ అంతస్తు బోసిపోతుందమ్మా" అన్నారు. ఇలాంటి చోట, ఎంతైనా ఆయన మనసు మంచిదని ఒక వాక్యం రాయడం అలవాటు. నేను రాయను. ఆయన మర్యాద మంచిది, అంతవరకు చెప్పగలను. విక్టోరియా గారు ఆయనకి నమస్కారం పెట్టి, ఇందిర గారిని దగ్గరికి తీసుకుని, స్క్రూలు విప్పి తెచ్చిన ఇత్తడి పలకను సంచిలో పెట్టుకుని, పక్కకి తిరిగి, ఒక్కో మెట్టే దిగారు. యాభై నాలుగూ దిగాక వెనక్కి చూడలేదు. ఆటో ఎక్కబోతూ, "ఈ గోతిలో కుర్చీలు ఎవరైనా తీయించండయ్యా, దోమలు" అని వాచ్‌మన్‌కి చెప్పారు.

ఆ అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తులో నేను అద్దెకుండేవాణ్ణి కాబట్టి ఇవన్నీ తెలుసు. తర్వాతి డిసెంబరులో భీమడోలు వెళ్తూ గుండుగొలనులో బస్సు దిగాను. ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. అరుగు కడిగి ఉంది, తలుపుకి ఇత్తడి పలక ఉంది, దాని కింద తాళం వేసి ఉంది. పొద్దున్న తొమ్మిదిన్నర.

ఎదురింటి అరుగు మీద చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న ఒకావిడ నన్ను ఎగాదిగా చూసింది. పేరు సూరమ్మట.

"నర్సమ్మగారి కోసమాండీ? ఆవిడ ఇంట్లో ఉంటే కదండీ."

"ఎక్కడికెళ్ళారు?"

"ఎక్కడికని చెప్పను? ఆరింటికి బయల్దేరతారు. కాలవ గట్టు దాకా ఓసారి, మళ్ళీ అటు చెరువుల వైపు ఓసారి. దారిలో ఎవరింట్లో పసిపిల్ల ఏడిచినా ఆగిపోతారు. నిన్న కాలు విరిగిన మేకపిల్లకి కూడా కట్టు కట్టారండీ, నవ్వకండి."

"మోకాళ్ళు?"

"నొప్పేనండీ, చేతికర్ర ఉంది. అయినా ఆగుతారేంటి?"

గంట కూర్చున్నాను. సూరమ్మ మజ్జిగ ఇచ్చింది. చిక్కుడుకాయలు అయిపోయాయి. నా బస్సు వేళ దగ్గర పడుతుంటే మళ్ళీ అడిగాను, ఆవిడ ఎప్పటికి తిరిగొస్తారని.

"అది ఆవిడిష్టమండీ" అంది సూరమ్మ, చేట ఎత్తుకుని లోపలికి వెళ్తూ.